కిటికీ గట్టు మీద మట్టి ఉండలు

నలభై రెండో ఏట ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాల్సిన ఖర్మ నాకెందుకు పట్టిందో ముందు చెప్పాలి. గుంటూరు బయట ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పదహారేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఏ రైతువి ఎన్ని టిక్కీలు వచ్చాయి, ఏ గదిలో ఏ వరసలో పెట్టారు, ఎప్పుడు తీసుకెళ్ళారు, అదీ నా పని. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనె బస్తా. ఆ ఏడాది యజమాని గారబ్బాయి చదువు ముగించుకుని వచ్చి, ఇకమీదట అంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుందనీ, టైపింగు ఒక్కటే వచ్చినవాళ్ళు ఇంకేదైనా నేర్చుకుంటే మంచిదనీ చాలా మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పినవాడి మీద అరవడానికీ ఉండదు. నోరు మూసుకుని, ఫోన్లో తెలుగులో పాఠాలు చెప్పే ఒక కోర్సులో చేరాను.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిరప ఘాటుకి తుమ్మీ దగ్గీ, షేర్ ఆటోలో నల్లపాడు వచ్చి పడి, కుక్కరు పొయ్యి మీద పెట్టి, ఆ విజిల్స్ మధ్యలో “వేరియబుల్ అంటే ఒక డబ్బా అనుకోండి” అనే మాస్టారి గొంతు వినాలి. డబ్బా అనుకోమంటే అనుకున్నాను. ఆ డబ్బాలో అంకె వేస్తే అది అంకెగా ఉండకుండా అక్షరంలా ఎందుకు మారిపోతుందో మాత్రం మూడు వారాలైనా బుర్రకెక్కలేదు. బడిలో లెక్కల్లో నేనే ఫస్టు. ఆ సంగతి ఎవరికి చెప్పుకోను?

నెల తిరిగేసరికి మాస్టారు మొదటి ప్రాజెక్టు ఇచ్చాడు. ఇల్లు కట్టడానికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేసే ప్రోగ్రాం రాయాలి. గది పొడవు, వెడల్పు అడగాలి; సిమెంటు, ఇనుము, ఇటుక, కూలి లెక్కగట్టి చివర్లో మొత్తం చూపించాలి. అది చదివి చాలా రోజుల తరవాత నవ్వుకున్నాను. నేను తాపీ మేస్త్రి కూతుర్ని. ఇది నా ఇంట్లో పని అనుకున్నాను.

మా నాన్నని ఊళ్ళో అందరూ మేస్త్రి సాయిబు అంటారు. యాభై ఏళ్ళు తాపీ పట్టాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి, నమాజు కూడా కుర్చీలో కూర్చునే చేస్తాడు. అమ్మ పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. నాకు పెళ్ళి అచ్చిరాలేదు, ఆ సంగతి ఇక్కడ అనవసరం. పని మానేసినా ఆయన దగ్గరికి అంచనా కోసం జనం వస్తూనే ఉండేవాళ్ళు. వచ్చేటప్పుడు చేతిలో ఒక మట్టి పొట్లం తెచ్చేవాళ్ళు. స్థలంలో మోకాలు లోతు తవ్వి తీసిన మట్టి, క్యారీ బ్యాగులోనో కాగితంలోనో చుట్టి. మా నాన్న దాంట్లో నీళ్ళు పోసి, పిసికి, నిమ్మకాయంత ఉండ చేసి, కిటికీ గట్టు మీద ఆరబెట్టేవాడు. మర్నాడు దాన్ని తిప్పి తిప్పి చూసేవాడు. ఎంత బీట తీసింది, ఎన్ని చోట్ల తీసింది, గోటితో గీస్తే రాలుతోందా లేదా. అప్పుడుగానీ అంకె చెప్పేవాడు కాదు. అమ్మ ఉన్న రోజుల్లో ఆ గట్టు తుడవలేక ఆమెకి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆయన చెప్పే వరస ఎప్పుడూ ఒకటే. గోడలకి ఇంత, కప్పుకి ఇంత, తలుపులూ కిటికీలకి ఇంత. చివర్న ఒక్క క్షణం ఆగి, “నేలకి ఇంత” అనేవాడు. ఆ చివరిది మామూలుగా ఉండేది కాదు. ఒక్కోసారి కప్పు ఖర్చుతో సమానంగా ఉండేది. నేలకి అంటే ఏమిటి మేస్త్రీ అని ఎవరైనా అడిగితే, నల్లరేగడి కదండీ, తింటది, అనేవాడు. అంతకన్నా విడమరిచి చెప్పడం ఆయనకి చేతకాదు.

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ రాస్తాను. ఆ ‘నేలకి’ అన్నది మా నాన్న తన కోసం వేసుకునే డబ్బని నేను చిన్నప్పటి నుంచీ నమ్మాను. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక ఇంటాయన మా గుమ్మం ముందు నిలబడి, నేలకి నేలకి అంటూ నా సొమ్ము తిన్నావు గదరా అని వీధి వీధంతా వినేలా అరిచాడు. మా నాన్న తిరిగి ఒక్క మాట అనలేదు. లోపలికొచ్చి కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాడు. తప్పు చేయనివాడు ఎందుకు ఊరుకుంటాడు అని నాకు అప్పుడే అనిపించింది. మర్నాడు బడికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. ఆ ఇల్లు తరవాత ఎలా ఉందో, ఎక్కడైనా పగిలిందో లేదో ఒక్కసారైనా వెళ్ళి చూద్దామని నాకు తోచలేదు. సందేహం వచ్చాక చూడ్డం దేనికి అనుకున్నట్టున్నాను.

సరే, ప్రోగ్రాం. మొదటిసారి నడిపినప్పుడు ఒక గోడ పన్నెండు, ఇంకో గోడ పదిహేను అని కొట్టాను. రెండూ కూడితే ఇరవై ఏడు రావాలి. పన్నెండు పక్కన పదిహేను అతికించి వెయ్యిన్నీ రెండు వందల పదిహేను అడుగుల గోడ అంది. మా వీధి మొదటి నుంచి రైల్వే స్టేషన్ వైపు కట్టుకుంటూ పోవచ్చు. పక్కనే కూర్చున్న నాన్నకి చెబితే, మంచి బేరమే తగిలింది పట్టు అన్నాడు. ఇద్దరం నవ్వాం. అక్షరాన్ని అంకెగా మార్చాలని తరవాత తెలిసింది. రెండు ఆదివారాలు కూర్చుని సరిచేశాను. సిమెంటు బస్తాలు ఎన్నో, ఇనుము ఎన్ని కిలోలో మాస్టారిచ్చిన లెక్క ప్రకారం చక్కగా వరసలో వస్తున్నాయి. ఆ మాస్టారు ఏ ఊరివాడో, వాళ్ళ ఊళ్ళో నేల ఎలాంటిదో నేనడగలేదు. మా నాన్ననీ అడగలేదు. ఆయన చెప్పే నాలుగు అంకెల్లో మూడు నా ప్రోగ్రాంలో ఉన్నాయి. నాలుగోది వదిలేశాను. మర్చిపోయి కాదు, కావాలనే వదిలేశాను.

ఆ రోజుల్లోనే మా కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వచ్చే ఒకామె నా దగ్గరికొచ్చింది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మొగుడు పోయాడు. ప్రత్తిపాడు దాటాక ఒక ఊళ్ళో అన్న ఇంటి వసారాలో కూతురితో ఉంటోంది. రోజంతా మిరపకాయలు ముందేసుకుని తొడిమలు తుంచీ తుంచీ ఆమె వేళ్ళు ఎప్పుడు చూసినా ఉబ్బి ఎర్రగా ఉండేవి. పత్తి తీతలు మొదలయ్యేలోపు వసారా ఖాళీ చేయాలని వదిన చెప్పేసిందట. పత్తి పోసుకోవడానికి చోటు కావాలట. ఆమెకి ప్రభుత్వం ఇచ్చిన జాగా ఉంది, ఇల్లు మంజూరైంది, కొంత కూడబెట్టుకుంది. ఒక గది, వంటకి కొంచెం చోటు, పైన స్లాబు. ఉన్నదాంట్లో అవుతుందో లేదో మీ నాన్న గారిని అడగాలమ్మా అంది.

ఆదివారం పొద్దున్నే మట్టి పొట్లంతో మా ఇంటికొచ్చింది. మా నాన్న ఉండ చేసి గట్టు మీద పెట్టాడు. రేపు మా అమ్మాయితో కబురు చేస్తాలే అని పంపాడు. సోమవారం నేను టిఫిన్ బాక్సు సర్దుకుంటుంటే ఆ ఉండ తెచ్చి నాకు చూపించాడు. మూడు ముక్కలుగా విచ్చిపోయింది. ఇది మంచి నేల కాదనీ, ఆమె దగ్గరున్నది చాలదనీ, ఈ ఏడు కట్టొద్దని చెప్పమనీ అన్నాడు. గోడలకీ కప్పుకీ చెప్పాక, నేలకి ఇంత అని ఒక పెద్ద అంకె చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. పని మానేసినా ఆ అలవాటు పోలేదు, తొడిమలు తీసుకుని బతికే మనిషి దగ్గర కూడానా అనుకున్నాను.

ఆఫీసుకెళ్ళి ఆమె కొలతలు నా ప్రోగ్రాంలో కొట్టాను. వచ్చిన మొత్తం ఆమె దగ్గరున్న దానికంటే కొంచెం తక్కువే. దాన్ని ప్రింటు తీసి, మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె చేతికిచ్చాను. మా నాన్న చెప్పింది చెప్పలేదు. సరిపోతుందమ్మా, కట్టుకో అన్నాను. ఆమె ఆ కాగితాన్ని కొంగుతో పట్టుకుంది, చేతి కారం అంటుకుంటుందని. తోటివాళ్ళందరికీ చూపించింది. కంప్యూటర్ చెప్పిందంట అని ఎవరో అన్నారు. ఆ పూట నేను చాలా మంచిదాన్నని నాకే అనిపించింది.

సాయంత్రం మా నాన్న, చెప్పావా అని అడిగాడు. ఇంకో కాపీ ఉంటే చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి వేలు పెట్టి చదివాడు. కింద చివర్న వేలు ఆగింది.

“నేలకి వెయ్యలేదే?”

“అది లెక్కలోకి రాదు నాన్నా. సిమెంటుకి లెక్కుంది, ఇనుముకి లెక్కుంది. దానికేం లెక్కుంది?”

ఆయన నా మొహంలోకి చూశాడు. చాలాసేపే చూశాడు. తరవాత కాగితం మడిచి నా చేతికిచ్చి కుర్చీ కిటికీ వైపు తిప్పుకున్నాడు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం, పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు.

ఆమె వేసవిలో మొదలుపెట్టింది. ఊళ్ళోనే ఒక మేస్త్రి దొరికాడు. కాగితంలో ఉన్న డబ్బుకి ఎంత లోతు వస్తుందో అంతే తవ్వాడు. అతన్నీ తప్పు పట్టలేను. పిల్లర్లు లేచాయి, గోడలు కిటికీల పైదాకా వచ్చాయి. ఇంక స్లాబే మిగిలిందని ఆమె ఫోన్ చేసి చెబితే సంబరపడ్డాను. తరవాత వానలు పడ్డాయి. రెండు మూడు వానలు, పెద్దవి కూడా కాదు.

ఒక పొద్దున ఆమె నా టేబుల్ దగ్గరికొచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. ఫొటోలో కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా పగిలి ఉంది. ఆ పగుల్లో ఆమె కూతురు అరచెయ్యి పెట్టి చూపిస్తోంది. చెయ్యి మణికట్టు దాకా పట్టింది. ఆమె తిడుతుందేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. “కంప్యూటర్లో ఏమన్నా తప్పుపడిందేమో ఒకసారి చూడమ్మా” అంది. అంతే. ఆ కాగితం కూడా తెచ్చింది, నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవర్లో.

ఇంటికెళ్ళి నాన్నకి ఫొటో చూపించాను. నేననుకున్నది ఏదీ ఆయన అనలేదు. రేపు సెలవు పెట్టు, పోదాం అన్నాడు. ఆటో, బస్సు, మళ్ళీ ఆటో. ఆ మోకాళ్ళతో బస్సు మెట్లెక్కడానికి ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చింది. అక్కడ గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చుని, ఒక మూల తవ్వించాడు. పైన తడి, లోపల బంక, ఇంకా లోపల వేసవిలో విచ్చుకున్న నెర్రెలు అలాగే ఉన్నాయి. ఈ నేల తడిస్తే పొంగుతుంది, ఎండితే కుంగుతుంది. పునాది దాన్ని దాటుకుని కిందకి పోవాలి, లేదంటే ఆ మట్టి తీసి ఇసుక నింపాలి. నేలకి అంటే అదీ. యాభై ఏళ్ళుగా ఆయన ఒక్క మాటలో చెబుతున్నది నాకు ఆ గొయ్యి ముందు నిలబడితేగానీ తెలియలేదు.

రెండు గోడలూ మూల పిల్లరూ పడగొట్టించాడు. ఆమె పక్కనే నిలబడి చూసింది, ఏడవలేదు. ఇటుకలు పగలకుండా తియ్యమని మాత్రం కూలివాళ్ళని బతిమాలింది. మళ్ళీ తవ్వడానికీ, ట్రాక్టర్లతో ఇసుక తోలించడానికీ స్లాబు కోసం దాచుకున్న డబ్బు మొత్తం పోయింది. నా దగ్గరున్న కాస్తా ఇచ్చాను. అది ఒక మూలకి కూడా చాలలేదు. మా నాన్న నెలన్నర పాటు రోజు విడిచి రోజు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. పైసా తీసుకోలేదు. ఒకరోజు తిరిగొచ్చేటప్పుడు బస్సులో, కిటికీ వైపు చూస్తూ అన్నాడు.

“ఆ రోజు నేనే గట్టిగా చెప్పాల్సిందమ్మా. నువ్వు నన్నేమనుకుంటున్నావో కనబడింది. ఇంక నోరు రాలేదు.”

అలా అనుకోలేదు నాన్నా అని అబద్ధమైనా ఆడాల్సింది. కండక్టరు వచ్చి టిక్కెట్లడిగితే చిల్లర వెతుక్కుంటూ కూర్చున్నాను.

పత్తి తీతలకి ముందు ఆమె ఆ గదిలోకి మారింది. పైన స్లాబు లేదు, సిమెంటు రేకులు. పిల్లర్ల చివర్న ఇనుప ఊచలు మూరెడేసి వదిలేయించాడు మా నాన్న, ఎప్పటికైనా స్లాబు వేసుకునేటప్పుడు అతకాలని. తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూయించాడు. మా వైపు ఎండలకి రేకుల కింద ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. వేసవిలో పనికొచ్చినప్పుడు ఆమె, ఇక్కడ మిరపకాయల మధ్యే చల్లగా ఉందమ్మా అని నవ్వేది. నాకు నవ్వు వచ్చేది కాదు.

ప్రోగ్రాం మళ్ళీ రాశాను. గోడలూ కప్పూ తలుపులూ అయ్యాక అది ఆగి, ‘నేలకి ఎంత?’ అని అడుగుతుంది. ఎవరైనా అంకె కొట్టేదాకా ముందుకి కదలదు. దానికి నా దగ్గర సూత్రం లేదు. మట్టి ఉండని చూసిన మనిషి చెప్పాలి. మాస్టారు దాన్ని చూసి, ఇది వాడేవాళ్ళని అడక్కూడదు, ప్రోగ్రామే లెక్కగట్టాలి అని రాసి మార్కులు కోశాడు. కోసుకోనీ. కోల్డ్ స్టోరేజీలో సాఫ్ట్‌వేర్ వచ్చింది, నేనూ ఉన్నాను. ఇద్దరం ఒకరి తప్పులు ఒకరం దిద్దుకుంటున్నాం. జీతం మాత్రం అంతే ఉంది.

రెండేళ్ళయ్యాక, మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా నాన్న ఫోన్ మోగింది. ఆయనకి సరిగ్గా వినబడదని స్పీకరు పెట్టాను. ఆమే. డబ్బు కూడిందట, కూతురూ ఒక బట్టల కొట్లో చేరిందట, స్లాబు వేయించుకుంటుందట. ఎంతవుతుందో కనుక్కుందామని చేసింది. అంతా చెప్పేసి, చివర్న అడిగింది.

“సాయిబు గారూ, మట్టి ఏమన్నా తెమ్మంటారా?”

కప్పుకి మట్టితో పనేముంది? ఆ సంగతి ఆమెకీ తెలుసు. తెలిసే అడిగింది. నేను కూరగాయల కత్తిపీట ముందు కూర్చుని వింటున్నాను. ఇంక జన్మలో కాగితం మీద అంకెని ఈమె నమ్మదు, నమ్మకుండా చేసింది నేనే అనిపించింది. మా నాన్న ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు.

“మట్టితో పన్లేదమ్మా. మా అమ్మాయి కంప్యూటర్లో చూసి చెప్పిద్ది. అది చెప్పిందే నా మాట. రాసుకో.”

ఫోన్ నా వైపు జరిపాడు. చేతులు తుడుచుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, గది పొడవెంతమ్మా అని అడిగాను. అవతల ఆమె కూతుర్ని పిలిచి, కాగితం పెన్ను తెమ్మనడం వినబడింది. తరవాత ఆమె పొడవు చెప్పింది.